దారం లేని సీసా

మా ఆయనకు నలభై మూడో ఏట నా దగ్గర వాసన వస్తుందని తెలిసింది. అంతకు ముందు పదిహేడేళ్లు ఒకే ఇంట్లో తిన్నాం, ఒకే మంచం మీద పడుకున్నాం, ఒకే దుకాణంలో కూర్చున్నాం. అప్పుడెన్నడూ రాని వాసన, ఆయన డాక్టరీ చదువులో చేరిన రెండో ఏడు, మిర్చి ఏరే కాలంలో, ఒక ఆదివారం పొద్దున వచ్చింది.

నేను అన్నం వడ్డిస్తున్నాను. ఆయన కంచం మీది నుంచి ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"జర స్నానం చేసి వడ్డించొచ్చు గద," అన్నాడు. "మందు వాసనొస్తున్నది నీ దగ్గర."

"దుకాణంలకెల్లి వచ్చిన. అత్తరు వాసన వస్తదా?"

"గందుకే చెప్తున్న. సబ్బు పెట్టి కడిగితే పోయేది కాదది. తోలులకెల్లి లోపలికి పోతది. నీకేం తెలుసు."

నాకేం తెలుసు. మొగుళ్లపల్లిలో ఎరువులు, పురుగుమందుల దుకాణం పెట్టింది ఆయనే. వయసులో ఉన్నప్పుడు డాక్టర్ సీటు రెండుసార్లు తప్పిపోయి, బీయస్సీతో సరిపెట్టుకుని, ఆ కడుపుమంటతో దుకాణం తెరిచాడు. రైతులు పురుగు పట్టిన ఆకులు తెంపుకొచ్చేవాళ్లు. ఈయన ఆకును ఎండకెత్తి, కళ్లు చికిలించి చూసి, ఫలానా మందు కొట్టు అనేవాడు. వాళ్లు ఈయనను డాక్టర్ సాబ్ అనేవాళ్లు. ఆ పిలుపు మనిషికి బాగా తలకెక్కింది. ఏ వయసులోనైనా పరీక్ష రాయొచ్చని తెలిసిన నాటి నుంచి ఇంట్లో నిలువలేదు. హన్మకొండలో, మీసాలు కూడా సరిగా రాని పిల్లల మధ్య కూర్చుని కోచింగు తీసుకున్నాడు. మూడోసారికి సీటొచ్చింది. జిల్లాకు కొత్తగా వచ్చిన కాలేజీలోనే వచ్చింది. ఊరంతా పూలదండలు పట్టుకొచ్చారు. నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు. ఆ రోజు నుంచి దుకాణం, ఇల్లు, పొలం, పదో తరగతి చదివే మా ప్రియదర్శిని నా నెత్తిన పడ్డాయి. ఆయనకు పుస్తకాలు, హాస్టలు, తెల్లకోటు మిగిలాయి.

ఆ తెల్లకోటుతో నాకు పెద్ద తంటా. ఆదివారం ఆదివారం ఇంటికి తెచ్చేవాడు. దుకాణం గోడకు తగలొద్దు, దుకాణం బట్టలతో కలపొద్దు, వాకిట్లో వేరే తీగ మీద ఆరేయాలి, పైన పల్చటి తువ్వాల కప్పాలి. ఉతకాల్సింది మాత్రం నేనే. మందు వాసన కొట్టే ఈ చేతులతో ఉతికితే కోటుకు ఏ వాసనా అంటదు, అదేం చిత్రమో.

ఆ పూట అన్నం తింటూ ప్రియకు పాఠం చెప్పాడు. కాలేజీలో విన్నది కూతురికి చెప్పడం ఆయనకు సరదా. ప్రియకు కూడా తండ్రి పాఠమంటే చెవి కోసుకునేంత ఇష్టం. ముద్ద చేతిలో పట్టుకునే వింటుంది.

"పురుగుమందు తాగినోళ్లకు విరుగుడు సూది ఉంటది బిడ్డా," అన్నాడు. "గడ్డిమందుకు లేదు. ఇంకొకటి. ఎవరు పాణం మీదికొచ్చినా ముందుగాల మూతికి ఆక్సిజన్ పెడతం గద. గడ్డిమందు తాగినోళ్లకు గది పెట్టొద్దు. పెడితే ఊపిరితిత్తులు ఇంకింత కాలుతయి. ఏం తాగిన్రో తెల్వకపోతే మంచి చేస్తున్నమనుకుంట చంపుతం."

"అవునా బాపు," అంది ప్రియ, కళ్లు పెద్దవి చేసి.

నేను చారు పోస్తూ విన్నాను. "గడ్డిమందు మనం గూడ అమ్ముతున్నం గద," అన్నాను.

"మనం గడ్డికి కొట్టమని అమ్ముతం. తాగమని అమ్ముతమా?" అన్నాడు.

మధ్యాహ్నం రుక్కి వచ్చింది. రుక్కిది మహబూబాబాద్ అవతల ఒక లంబాడీ తండా. ఏటా మిర్చి ఏరే కాలానికి మొగుడు లింగ్యాను, ఇంకా కొంతమంది ఆడవాళ్లను వెంటేసుకుని మా ఊరికి వస్తుంది. వేణు చేను పక్కన గుడిసెలు వేసుకుని, ఏరడం అయ్యేదాకా ఉంటారు. వేణు మాకు దూరపు చుట్టం, కౌలు రైతు, నన్ను వదినా అంటాడు. రుక్కి నా ఈడుది. పొద్దంతా కాయ తెంపి చేతులు భగభగమంటుంటే మజ్జిగ కోసం నా దగ్గరికి వస్తుంది. ఒక గిన్నెలో చేతులు ముంచుకుని కూర్చుంటుంది, తర్వాత ఒక చెంబెడు తాగుతుంది. చెంబులో ఏముందో తొంగి కూడా చూడదు. నేను ఇవ్వాలి, తను ఎత్తి గటగటా తాగాలి, అంతే.

"రాజక్కా, మీ సారు డాక్టరైనంక నాకు సూది ఊకెనే ఎయ్యాలె, ఇప్పుడే చెప్తున్న," అంది చేతులు గిన్నెలో పెట్టి.

"ఏస్తడు తియ్యి. నొప్పి గూడ లెవ్వదు."

"లేస్తది లేస్తది. మొగోళ్ల చెయ్యి బరువుంటది," అని నవ్వింది.

మాటలు విని ఆయన గడపలోకి వచ్చాడు. రుక్కి చేతులు బయటికి తీసి చూపించింది. ఎర్రగా ఉబ్బి, గోళ్ల చుట్టూ తోలు లేచిపోయి ఉన్నాయి.

"సారూ, గీ చేతులకు ఏమయింది? గోలి ఏమన్న ఉన్నదా?"

ఆయన అంత దూరం నుంచే చూసి ఇంగ్లీషులో పొడుగాటి పేరొకటి చెప్పాడు.

"అంటే ఏంది సారూ?"

"అంటే మంట."

"మంటని నాకు తెల్వదా," అంది రుక్కి. నాకు నవ్వాగలేదు. ఆయన మూతి ముడుచుకుని లోపలికి పోయాడు.

రుక్కి వెళ్లాక, "గా చెంబు మన చెంబులల్ల కలుపకు," అన్నాడు.

"గది గూడ మీ డాక్టర్ల పుస్తకంల రాసుంటదా?"

"ఇన్‌ఫెక్షన్ అంటరు. నీకు చెప్పినా సమజ్ కాదు."

నాకు బాగానే సమజైంది. ఒళ్లు మండింది. చెంబు కడిగి మా చెంబుల్లోనే బోర్లించాను. సాయంత్రం బస్సుకు బయలుదేరే ముందు ఆయన మంచినీళ్లు తాగింది ఆ చెంబుతోనే.

అయితే ఆ బస్సెక్కే లోపల ఇంకొకటి జరిగింది.

మా దుకాణంలో ఒక అలవాటు ఉండేది. అదీ ఆయన పెట్టిందే. కౌలు రైతుకు లీటరు డబ్బా కొనే స్తోమతు ఉండదు, కావలసింది కొంచెమే ఉంటుంది. అలాంటివాళ్లకు డబ్బా విప్పి, ఖాళీ కూల్‌డ్రింక్ సీసాల్లో పోసిచ్చేవాళ్లం. అట్లా అమ్మకూడదని మాకు తెలుసు. అందుకని సీసా మెడకు ఎర్ర దారం గట్టిగా చుట్టి ముడేసేవాళ్లం. చదువు రానివాళ్లకైనా గుర్తు ఉంటుంది. దారం ఉంటే మందు, లేకపోతే తాగేది. చుట్టుపక్కల రైతులకు, కూలీలకు, పిల్లలకు, ఏటా వచ్చే తండా వాళ్లకు కూడా ఆ దారం సంగతి తెలుసు. సీసాలు కడిగేదీ, దారం చుట్టేదీ నేనే.

కార్తీకంలో ఒక రైతు బర్రె, మా దగ్గర సీసాలో కొనుక్కుపోయి బకెట్లో కలపగా మిగిలిన మందు నీళ్లు కుడితి అనుకుని తాగి చచ్చిపోయింది. ఆయన నన్నొక్క మాట అనలేదు. కానీ నాలుక బయటపెట్టి పడి ఉన్న ఆ బర్రెను చూసి వచ్చాక నాకు సీసాలు ముట్టబుద్ధి కాలేదు. విడిగా పోయడం బంద్ చేశాను. సీసాలన్నీ పాత సామాన్ల వాడికి వేశాను. దారపు రీలు ప్రియ కుట్టు డబ్బాలో పడేశాను.

ఆ సాయంత్రం వేణు వచ్చాడు. ఆయన గల్లాపెట్టె ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"వదినా, చేను గట్ల మీద గడ్డి మోకాలెత్తు లేసింది. అర లీటరు గడ్డిమందు పొయ్యి," అన్నాడు వేణు.

"విడిగ పోసుడు బందు పెట్టిన. డబ్బా తీసుకపో."

"అంత మందు నేనేం చేసుకోను?"

కుర్చీలోంచి ఆయన నా వైపు చూశాడు. "ఎప్పటిసంది బందు పెట్టినవ్? నాకు చెప్పనేలేదు."

"చెప్పిన. బర్రె సచ్చినప్పుడు చెప్పిన. నువ్వే ఇనలే."

"బర్రెకు నువ్వు తాపినవా? ఏండ్లసంది వచ్చే మనిషిని ఒట్టి చేతుల పంపుతరా ఎవరన్నా. ఎదురు దుకాణంకు పోతే ఇగ మళ్ల వస్తడా?"

లేచి డబ్బా దించాడు. మూత విప్పే ముందు జేబులోంచి రుమాలు తీసి ముక్కుకు కట్టుకున్నాడు. తన సంచిలో, బస్సులో తాగిన కూల్‌డ్రింక్ సీసా ఖాళీది ఉంది. దాంట్లో పోశాడు. గడ్డిమందు నల్లటి పచ్చ రంగులో ఉంటుంది. ఆ సీసాలో అది కూల్‌డ్రింక్ లాగే కనిపించింది. మూత బిగించి సొరుగులో చెయ్యి పెట్టి వెతికాడు.

"దారం ఏది?"

"కుట్టు డబ్బాల ఉన్నది. ఆగు, తెస్త. దారం లేకుంట ఇయ్యకు."

నేను లోపలికి పోయాను. డబ్బాలో గుండీలు, సూదులు, కత్తిరింపులు అన్నీ కలిసిపోయి ఉన్నాయి. ఎర్ర రీలు దొరకబట్టి తెచ్చేసరికి వేణు బండి మూల తిరిగిపోయింది.

"ఆగమన్న గద," అన్నాను.

"వాడేం చిన్న పోరడా? తను కొన్న మందు తనకు తెల్వదా ఏంది," అన్నాడు. ముక్కు రుమాలు విప్పి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, వాసన చూసుకుని, బస్సుకు పోయాడు. నేను వేణుకు ఫోన్ చేసి జాగ్రత్త అని చెప్పాను. సరే వదినా అన్నాడు. రీలు చాలాసేపు నా చేతిలోనే ఉండిపోయింది.

బుధవారం ఎండ విపరీతంగా ఉంది. మిట్టమధ్యాహ్నం వేణు దుకాణంలోకి వచ్చి, నిలబడలేక ఎరువు బస్తా మీద కూలబడ్డాడు.

"వదినా, రుక్కి గడ్డిమందు తాగింది."

నాకు మొదట అర్థం కాలేదు. రుక్కి ఎందుకు తాగుతుంది?

కూలీలు వేరే చేనుకు పోకుండా ఉండాలని ఈ కాలంలో రైతులు కూల్‌డ్రింకులు తెచ్చి పోస్తారు. వేణు కూడా తెచ్చాడు. చెట్టు నీడలో తడి గోనె కింద పెట్టాడు. మందు సీసా అదే చెట్టు కింద, స్ప్రే పంపు పక్కన ఉంది. నీళ్ల కోసం బావి దగ్గరికి పోయి వచ్చేలోపల ఆడవాళ్లు దాహమని నీడకు వచ్చారు. రుక్కి చేతికి పంపు పక్కన ఉన్న సీసా దొరికింది.

"ఊకెనే తాగలే వదినా," అన్నాడు వేణు. "సీసా మెడ చూసిందట. పక్కోళ్లకు గూడ చూపిచ్చిందట. దారం లేదు, గిది తాగేదేనని చెప్పి తాగిందట."

"ఎంత తాగింది?"

"నోటి నిండ పోసుకుని ఊసేసింది. జరంత లోపటికి పోయినట్టున్నది. ఒకటే వాంతులు. లింగ్యా ఆటోల దవాఖానకు తీస్కపోయిండు. డాక్టర్లకు చూపియ్యాలని సీసా గూడ పట్టుకపోయిండు. మన సారు ఆడనే ఉన్నడు గద, పరేషాన్ గాకు అని చెప్పి పంపిన."

నాకూ అదే ధైర్యం వచ్చింది. ఆ వారం ఆయనకు ఎమర్జెన్సీ వార్డులోనే పని. సీసా చూడగానే గుర్తుపడతాడు, తన చేతులతో పోసిన మందే కదా. ఏం చేయాలో, ఏం చేయకూడదో ఆయనకు తెలుసు. పదిహేడేళ్ల కాపురంలో మా ఆయన డాక్టరీ చదువుతున్నందుకు నేను మనసారా సంతోషించింది ఆ కొద్దిసేపే. ఫోన్ మోగింది. ఆయనే.

"దుకాణంల ఎవరన్న ఉన్నరా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"వేణు ఉన్నడు. రుక్కి ఎట్లున్నది?"

"నువ్వు జర పక్కకు రా."

వెనక గదిలోకి పోయాను.

"మొన్న విప్పిన డబ్బా ఉన్నది గద. గది తీసుకపోయి ఏడన్న పూడ్చిపెట్టు. ఎవరొచ్చి అడిగినా మనం విడిగ పోసియ్యలే. వేణు ఏడ తెచ్చుకున్నడో మనకు తెల్వదు. వాడికి గూడ గట్లనే చెప్పు."

"రుక్కి ఎట్లున్నది అని అడిగిన."

"ఉన్నది. నోరు కాలింది. ఒక్క గుక్కే గద, బతుకుతది."

"గడ్డిమందని చెప్పినవా?"

అటు వైపు ఎవరో మంచం లాగుతున్న చప్పుడు వినిపించింది.

"సీసా చూస్తే వాళ్లకే తెలుస్తది గద," అన్నాను.

"సీసా నా దగ్గరున్నది. లింగ్యా దగ్గర తీసుకున్న."

"మరి డాక్టరుకు ఏమని చెప్పినవ్?"

"మేడం అడిగింది. మిర్చి చేన్ల తాగింది గాబట్టి పురుగుమందు అయ్యుంటదన్న."

"ఆక్సిజన్ పెట్టిన్రా?"

"గవన్ని నీకెందుకు."

"పెట్టిన్రా లేదా?"

"అందరికి పెడతరు. సూడు రాజమణీ, లైసెన్సు నా పేరు మీద ఉన్నది. కేసయితే సీటు పోతది. ఇరవై అయిదేండ్లసంది దీనికోసమే చూస్తున్న నేను. నీకు అర్థమైతున్నదా?"

అర్థమైంది. ఆదివారం అన్నం ముందు కూర్చుని కూతురికి చెప్పిన ముక్క ఆయన మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే మనిషేనని సరిపెట్టుకునేదాన్ని. అన్నీ గుర్తుండే, ఆ మూతి మీద గొట్టం పెడుతుంటే పక్కన నిలబడి చూశాడు. నేను ఫోన్ పెట్టేసి వెనక గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాను. ఇన్నేళ్లు మందు డబ్బాల మధ్య కూర్చున్నా ఎన్నడూ నాకు కడుపులో తిప్పలేదు.

లింగ్యాకు ఫోన్ చేద్దామంటే, అది గుడిసెలోనే వదిలి పోయాడని వేణు చెప్పాడు. దవాఖానలో నాకు ఇంకెవరి నెంబరూ తెలియదు. డబ్బా తీసి సంచిలో పెట్టుకున్నాను.

"బండి తియ్యి," అన్నాను వేణుతో.

"వదినా, నా మీదికి వస్తది గద."

"వస్తది. నా మీదికి గూడ వస్తది. బండి తియ్యి."

దారి పొడవునా బండి ఎగిరెగిరి పడింది. డబ్బా మూత సరిగా పట్టక మందు చీర మీద చిందింది. దవాఖాన తలుపు దాటి లోపలికి పోతుంటే నా వాసనకు జనం ముక్కులు మూసుకుని పక్కకు జరిగారు. దారి ఇచ్చినందుకు వాళ్లకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

రుక్కి మూల మంచం మీద ఉంది. మూతికి గాలి గొట్టం ఉంది. పెదవులు తెల్లబడి ఉబ్బాయి. డ్యూటీ డాక్టరమ్మ పేరు అనిత. మా ప్రియకు అక్కలా ఉంది, అంత చిన్నది. రుక్కి చెయ్యి పట్టుకుని వాళ్ల భాషలోనే ఏదో అడుగుతోంది. తనూ తండా పిల్లేనని అప్పుడర్థమైంది. రుక్కి చెప్పాలని చూస్తోంది, నోరు కదలడం లేదు. లింగ్యా గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. ఇటు పక్క ఇద్దరు కుర్ర విద్యార్థుల మధ్య మా ఆయన, నేను ఉతికిన తెల్లకోటులో. నన్ను చూశాడు. నా సంచిని చూశాడు.

నేను ఆయన వైపు పోలేదు. డబ్బా తీసి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను.

"రుక్కి తాగింది గిది మేడం. పురుగుమందు కాదు, గడ్డిమందు. మొగుళ్లపల్లిల మా దుకాణంల పోసిచ్చింది."

ఆమె డబ్బా మీది అక్షరాలు చదివింది. లేచి, రుక్కి మూతి మీది గొట్టం తన చేత్తోనే తీసేసింది. నర్సుకు గబగబా ఏవో చెప్పింది. విషాన్ని పీల్చే బొగ్గుపొడి కలిపి తెమ్మంది, వరంగల్‌కు ఫోన్ కలపమంది, అంబులెన్స్ సిద్ధం చేయమంది. ఆ పనులన్నీ పురమాయించాక మా ఆయన వైపు తిరిగింది.

"ప్రతాప్ గారూ, మీది మొగుళ్లపల్లే గద. ఈమె మీకు తెలుసా?"

"మా ఊరామె మేడం," అన్నాడు. "మందుల దుకాణం నడుపుతది."

ఆ తర్వాత ఇంకేమైనా అంటాడేమోనని చూశాను. చేతిలో ఉన్న పెన్ను జేబుకు పెట్టుకున్నాడు.

"విడిగ పోసిచ్చింది ఎవరమ్మా?" అని నన్నడిగింది అనిత మేడం. "సీసా ఏడున్నది? ఎంత తాగిందో చూడాలె."

"పోసిచ్చింది గీయననే మేడం. మా ఆయన. సీసా ఆయన సంచిల ఉన్నది."

నేనేం గట్టిగా అనలేదు. కానీ లింగ్యా విన్నాడు. గోడ పట్టుకుని లేచి నిలబడి మా ఆయన ముఖంలోకి చూశాడు.

"సారూ, ఇటియ్యి నేను చూపిస్త అంటివి గద," అన్నాడు.

కొట్టినా బాగుండేది. ఆ ఒక్క మాటే అని మళ్లీ రుక్కి మంచం దగ్గరికి పోయాడు. మా ఆయన పక్కనున్న కుర్రవాళ్లిద్దరూ మెల్లగా ఆయనకు దూరం జరిగారు.

రుక్కి వరంగల్‌లో చాలా రోజులు ఉంది. ఊసేసింది కాబట్టి, సమయానికి తెలిసింది కాబట్టి బతికిందన్నారు. కిడ్నీలు మొరాయించి మళ్లీ దారికొచ్చాయి. నాలుక మీది తోలు ఊడిపోయింది. ఆ ఏడు మిర్చి ఆమె లేకుండానే ఏరారు. దుకాణానికి అధికారులు తాళం వేశారు. నేను, వేణు, ఆయన ముగ్గురం పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగాం. కాలేజీ వాళ్లు ఆయనను ఇంటికి పంపారు.

చుట్టాలు వచ్చారు. జనగామ నుంచి మా తమ్ముడు కూడా వచ్చాడు. మొగుడిని అందరి ముందు నిలబెట్టి చెప్పాల్సిన అవసరం ఏమొచ్చిందని అందరూ నన్నే అడిగారు. ఇంత వయసులో, ఇంత కష్టపడి చదువుతున్న మనిషి నోట్లో మన్ను కొడతావా అన్నారు. నేను చేసిన టీ తాగుతూ అన్నారు. రుక్కి ఎట్లా ఉందని ఒక్కరూ అడగలేదు. ఆ టీ గ్లాసులు కడుగుతుంటే నాకు చేతులు కూడా రోతగా అనిపించాయి.

ఎండలు ముదిరేనాటికి ఆయన కాళ్లూ వేళ్లూ పట్టుకుని కాలేజీ వాళ్లను ఒప్పించుకున్నాడు. కొన్నాళ్లు ఆగి వచ్చి మళ్లీ చదువుకోవచ్చన్నారట. కేసు నడుస్తూనే ఉంటుంది, చదువూ నడుస్తూనే ఉంటుంది. ఆ కబురు చెప్పిన రోజు ముఖం వెలిగిపోతోంది.

"నువ్వు గా ఒక్క మాట ఊకుంటే గింత లొల్లి అయ్యేది కాదు," అన్నాడు అన్నం కలుపుకుంటూ. "ఆమె బతికింది గద. ఇగ అందరు మరిచిపోతరు."

ప్రియ తన కంచం తీసుకుని లేచి వంటింట్లోకి వచ్చింది. ఆ మధ్య నుంచి ఆయన పాఠం మొదలుపెడితే తను అట్లాగే లేచి వచ్చేస్తోంది. ఆయన నా వైపు చూశాడు.

"ఏందట్ల దూరం నిలబడ్డవ్? కూర ఎయ్యి."

"గిన్నె నీ ముందటే ఉన్నది. ఏసుకో," అన్నాను. "నాకు కడుపుల తిప్పుతున్నది."

ఇంకా కొన్నేళ్లకు ఈయన డాక్టరై ఎక్కడో కుర్చీలో కూర్చుంటాడు. ఎవరో నమ్మి ఈయన ముందు నోరు తెరుస్తారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముద్ద దిగదు. తెల్లకోటు అప్పటికీ వాకిట్లో తీగ మీదనే ఉంది, ఆ మధ్య గాలిదుమారానికి మట్టి కొట్టుకుపోయి. నేను తీయలేదు, ఉతకలేదు.

గుడిసె సామాన్లు సర్దుకుపోవడానికి రుక్కి, లింగ్యా వచ్చింది ఆ వారమే. పోతూ పోతూ మా వాకిట్లో ఆగారు. రుక్కి సగం మనిషైంది. గొంతు బొంగురుపోయింది. అరుగు మీద కూర్చోమన్నాను, కూర్చుంది. లింగ్యా మూటలతో గేటు బయటే నిలబడ్డాడు.

మాటలు విని ఆయన బయటికి వచ్చాడు. "నోరు తెరువు రుక్కీ, ఎట్లున్నదో చూస్త," అన్నాడు, ఏమీ జరగనట్టు.

రుక్కి కొంగు లాగి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన లోపలికి పోయేదాకా తీయలేదు.

"సల్ల తెస్త," అన్నాను.

వద్దనలేదు. లోపలికి పోయి ఎప్పటి చెంబులోనే, ఎప్పటిలాగే మజ్జిగలో ఉప్పేసి తెచ్చాను. అందించాను. రుక్కి రెండు చేతులతో పట్టుకుంది. మెడ దగ్గర వేలు పెట్టి చెంబును చుట్టూ తిప్పి చూసింది. లోపలికి తొంగి చూసింది. తర్వాత మెల్లగా నా చేతికి తిరిగిచ్చింది.

"రాజక్కా, నువ్వు జర తాగియ్యి," అంది.

నేను ఒక గుక్క తాగాను. ఆమె నా గొంతు వైపే చూస్తోంది.

"ఇంకింత," అంది.

ఇంకో గుక్క తాగి ఇచ్చాను. అప్పుడు తీసుకుంది.